జానెడు టేపు

ముత్తెన్న ఆంప్లిఫయర్ మూత మరలు విప్పి ఒక్కొక్కటే చాయ్ సాసర్‌లో వేశాడు. లోపలి దుమ్మును నోటితో ఊది, మాడిన వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో ముక్కుతోనే వెతికాడు. బోర్డు మూలన ఒక కండెన్సర్ తల పగిలే కాయలాగ ఉబ్బి ఉంది. దాన్ని గోరుతో తట్టాడు.

"కాలిపోయిందా కాకా?" అన్నాడు నరేష్.

"కాలలే. ఉబ్బింది."

నరేష్ బీర్కూర్ రైతుల ఇంటి పిల్లవాడు. రెండేళ్లుగా డీసీఎం వ్యాన్ మీద ఎనిమిది స్పీకరు పెట్టెలు కట్టి పెళ్లిళ్లకు తిప్పుతున్నాడు. బాన్సువాడ నుంచి బిచ్కుంద దాకా ఎవరింట బరాత్ అయినా ముందు అతని తారీఖు అడిగి, తర్వాతే ముహూర్తం చూసుకుంటున్నారని జనం నవ్వుకుంటారు. అలాంటి వాడు ముత్తెన్న దుకాణం ముందు స్టూలు మీద రెండు మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని, దవాఖానలో చుట్టం కోసం కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఆదివారం ఫంక్షన్ హాల్ల ప్రోగ్రాం ఉన్నది కాకా. కొత్త సెట్ ఓపెనింగ్. సీడీ గూడ రిలీజ్ చేస్తున్నం. గిది లేకుంటే ఇజ్జత్ పోతది."

"పగటాల్ల వరకు అయితది. కూసో."

రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ముత్తెన్న సోల్డరు కరిగించి పాత కండెన్సర్ కాళ్లు లాగేశాడు. కాగిన సోల్డరు చుక్క ఒకటి చూపుడు వేలి కొసకు అంటుకుంది. నరేష్ "అరే!" అని లేవబోయాడు. ముత్తెన్న దాన్ని బొటనవేలితో రాల్చి పని చూసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా కాలి కాలి ఆ వేళ్ల కొసలకు వేడి తెలియడం మానేసింది.

మధ్యాహ్నం రెండింటికి మూత బిగించాడు. నరేష్ జేబులోంచి సీడీ తీసి ప్లేయర్‌లో వేశాడు. దుకాణంలో ఉన్న చిన్న పెట్టెలోంచే అయినా దెబ్బ గట్టిగా వచ్చింది. నాలుగు బరువైన దెబ్బలు, వెంట మూడు తొందర దెబ్బలు, ఆపైన చిన్న గండి. పరుగెత్తే మనిషి ఒక్క క్షణం తలుపు దగ్గర ఆగినట్టు ఆగి, మళ్లీ మొదటికొచ్చింది.

బాన్సువాడ దెబ్బ అంటారు దాన్ని. నిజామాబాద్ డీజేలు కొడతారు, అటు మహారాష్ట్రలో దెగ్లూర్ వాళ్లు కూడా కొడతారు. పదకొండేళ్లుగా ముత్తెన్న దాన్ని వినాయకుడి లారీల మీద, ఆటోల్లో, చెరుకు ట్రాక్టర్లలో వింటూనే ఉన్నాడు. మొదట్లో ఒళ్లు ఝల్లుమనేది. కొన్నాళ్లకు కోపం వచ్చేది. ఇప్పుడు బస్టాండులో బస్సుల పేర్లు చదివే గొంతులాగే వినిపించి పోతుంది.

"హైదరాబాద్‌ల స్టూడియోవాడు గీ గండి తీసేస్తా అన్నడు కాకా, కంప్యూటర్ల" అన్నాడు నరేష్. "వద్దన్న. పాణమంత దాంట్లనే ఉన్నది. గాడ ఆగి మళ్ల దెబ్బ పడంగనే పబ్లిక్ ఎగురుతది. అందరు దాన్నే కాపీ కొడ్తరు. ఎవడు పెట్టిండో గాని..."

"అది నా జాయింటు."

ముత్తెన్న అనాలని అనలేదు. తుడిచిన మీటరు వైర్లు చుట్టి పెడుతూ, ఎవరో అడిగిన టైము చెప్పినట్టు అన్నాడు.

"ఏంది కాకా?"

ముత్తెన్న కింది సొరుగు లాగి, పాత బ్యాటరీల కింద నుంచి ఒక క్యాసెట్ తీశాడు. అందులో టేపు చుట్టలు లేవు. జానెడు టేపు ముక్క ఒకటే, రెండు కొసలు కలిపి అతికించి, ఉంగరంలాగ లోపలి చక్రాల చుట్టూ తిప్పి ఉంది. అతుకు దగ్గర సెల్లో టేపు పసుపుపచ్చగా మారింది.

"తొంబై అయిదుల చేసింది. నగారా దెబ్బ ఒక్కటే చుట్టు రికార్డు చేసి, బ్లేడుతోని కోసి గిట్ల అతికిచ్చిన. ఎంత సేపైనా అదే తిరుగుతుంటది. కింద రిథమ్ బాక్స్ కలిపిన. అతుకు కాడ టేపు పలకదు. గదే నీ గండి."

నరేష్ క్యాసెట్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు.

"మా ఇంట్ల ఈ దెబ్బ కేసెట్ ఉండె కాకా. దాని మీద హరనాథబాబు అని ఉండె."

"రికార్డింగ్ సెంటర్ ఆయనది. పేరు ఆయనదే ఏసుకున్నడు. రెండు దినాలు కడుపుల అన్నం లేక కూసున్నది నేను."

"గిన్నేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"ఎవరడిగిన్రు?"

నరేష్ లేచి వంగి అతని కాళ్లు ముట్టుకున్నాడు. ముత్తెన్న కాళ్లు వెనక్కి లాక్కోవడం కూడా మరిచి అలాగే కూర్చున్నాడు. ఆదివారం స్టేజీ మీద సన్మానం చేస్తానన్నాడు నరేష్. సీడీ కవరు ఇంకా ప్రెస్సులోనే ఉందన్నాడు. ఫోన్ తీసి, సోల్డరింగ్ కడ్డీ చేతిలో పట్టించి ఫోటో తీశాడు.

"నగారా ఎవరు కొట్టిన్రు కాకా?"

"తాండల జేత్యా అని ఒకడు. పిలిపిచ్చి కొట్టిపిచ్చిన."

"ఆయనను గూడ తోల్కరా మరి."

సాయంత్రం ఇంట్లో సాయవ్వ బియ్యం చెరుగుతూ అంతా విన్నది. చాట పక్కన పెట్టి మొగుడి ముఖం చూసింది.

"నీ పేరు ఏస్తడట?"

"ఏస్తడట. ఫోటో గూడ."

"మంచిదే గదా. మొకం గట్ల వెట్టినవేంది?"

"ఎట్ల వెట్టాలె?"

సాయవ్వ మళ్లీ చాట అందుకుంది. "నవ్వాలె" అన్నది, మట్టిబెడ్డ ఏరి అవతల పడేస్తూ.

*

శుక్రవారం దుకాణానికి తాళం వేసి ముత్తెన్న మోపెడ్ మీద తాండకు బయల్దేరాడు. సీటు ముందు చిన్న టేప్‌రికార్డర్ ఒకటి తువ్వాలలో చుట్టి పెట్టుకున్నాడు. చెరుకు కోసిన మళ్లలో ఎండిన ఆకు తగలబెడుతున్నారు. తారు రోడ్డు దిగాక మొరం దారిలో బండి నడిపిస్తూ పోయాడు.

జేత్యా వాకిట్లో నులక మంచం బోర్లించి తాళ్లు బిగిస్తున్నాడు. తల నెరిసింది గాని భుజాలు మునుపటిలాగే ఉన్నాయి. ముత్తెన్నను చూసి కొంచెంసేపు గుర్తుపట్టలేదు. పట్టాక గట్టిగా నవ్వాడు.

"ముత్తెన్నా! బతికే ఉన్నవా?"

"ఉన్న."

జేత్యా మంచం తిప్పి వేసి, తాళ్లు సగమే బిగించిన దాని మీదే కూర్చోమన్నాడు. అతని భార్య జమునాబాయి గడప దగ్గర మక్క కంకులు ఒలుస్తోంది. చేతులు ఆపకుండానే తల ఊపి, లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. మళ్లీ కంకుల దగ్గర కూర్చుంది.

ముత్తెన్న టేప్‌రికార్డర్ విప్పి నడిపించాడు. అరిగిన టేపు గరగరల మధ్య నగారా మోగింది. నాలుగు, మూడు, గండి. నాలుగు, మూడు, గండి. జేత్యా మెడ ముందుకు చాచి విన్నాడు.

"ఇంక ఉన్నదా ఇది!"

"ఉన్నది. ఊర్లన్నిట్ల మోగుతున్నది. నీకు తెల్వదా?"

"లారీల మీద వింటం గని... అది ఇదేనా?" జేత్యా పిల్లవాడిలాగ ఆశ్చర్యపోయాడు. "అది శానా పెద్ద సప్పుడు గదా. ఇండ్ల గోడలు అదురుతయి."

ముత్తెన్న సంగతి చెప్పాడు. ఆదివారం, ఫంక్షన్ హాలు, శాలువా. "నువ్వు గూడ రావాలె. దెబ్బ నీది, జాయింటు నాది" అన్నాడు. ఈ మాట దారిలోనే కూర్చుకున్నాడు. న్యాయంగా ఉందనిపించింది.

జేత్యా గడ్డం గోక్కున్నాడు.

"నగారా నాదే. దెబ్బ నాది గాదు అన్నా."

"మరెవరిది?"

జేత్యా గడప వైపు తిరిగి తమ భాషలో ఏదో అడిగాడు. జమునాబాయి ఒళ్లో కంకి పెట్టుకుని, చెవి ఇటు పెట్టింది. రెండు చుట్లు వినేసరికి ఆమె బొటనవేలు గింజల మీద దానంతటదే ఆడింది.

"నా పందుల సప్పుడు గదా ఇది" అన్నది తెలుగులో.

ముత్తెన్నకు అర్థం కాలేదు.

"మక్క చేన్ల మంచె మీద కూసునేదాన్నన్నా. పందుల గుంపు అడవిల నుంచి దిగుతుండె. అన్నం తినే ఇత్తడి తలె కొడుతుంటి. గట్టిగ నాలుగు, గబగబ మూడు. ఈయన కింద నిద్రవోతుండె" అని మొగుణ్ణి గడ్డంతో చూపించింది.

"నిద్రల ఇనీ ఇనీ నా చేతికి పట్టింది" అన్నాడు జేత్యా. "నువ్వు ఆ దినం ఏదన్న కొత్తది కొట్టు, పెండ్లిది వద్దు అంటివి. ఇది కొట్టిన."

ముత్తెన్న టేప్‌రికార్డర్ వైపు చూశాడు. చక్రం తిరుగుతోంది.

"సరే. దెబ్బ ఆమెదైతే ఆమెదే. ఈ ఆగుడు మాత్రం నా జాయింటుది. అతికిచ్చిన కాడ వచ్చింది."

"గది గూడ నేను ఆపిందే గదన్నా" అన్నాడు జేత్యా మెల్లగా, తప్పు తనదైనట్టు. "ఆమె ఆపుతుండె. నేను గూడ ఆపిన."

"ఆపి ఇనాలె" అన్నది జమునాబాయి. "ఊకె కొట్టుకుంట కూసుంటె అవి పొయినయో, ఉన్నయో ఎట్ల తెలుస్తది?"

ఆమె మళ్లీ కంకి అందుకుంది. గింజలు చాటలో రాలసాగాయి.

ముత్తెన్న మీట నొక్కి క్యాసెట్ బయటికి తీశాడు. వేలితో టేపు జరిపి అతుకు దగ్గర ఆపాడు. అతుకు అరంగుళం కూడా లేదు. టేపు సెకనుకు రెండంగుళాలకు కాస్త తక్కువ నడుస్తుంది. అరంగుళం దాటడానికి పావు సెకను చాలు. గండి దానికి మూడింతలు ఉంది. రోజంతా మీటరు పట్టుకుని కొలిచే మనిషికి పదకొండేళ్లలో ఒక్కసారైనా ఈ ముక్కను కొలవాలని తట్టలేదు.

క్యాసెట్ జేబులో వేసుకున్నాడు. బాధ కలుగుతుందేమోనని కొంచెంసేపు ఆగి చూశాడు. ఏమీ కలగలేదు. తాండ అవతల ఎవరో గొడ్డలితో కట్టె కొడుతున్నారు.

"ఆదివారం నువ్వు గూడ రా, జమునాబాయీ" అన్నాడు.

"నేనెందుకన్నా?"

"రా."

జేత్యా, ఆమె ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పదిన్నర బస్సుకు వస్తం" అన్నాడు జేత్యా.

*

శనివారం నరేష్ కవర్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. నీలం రంగు మీద నరేష్ చెవులకు హెడ్‌ఫోన్లతో నిలబడి ఉన్నాడు. వెనక అట్ట మీద ముత్తెన్న, చేతిలో సోల్డరింగ్ కడ్డీ. కింద పసుపు అక్షరాల్లో "బాన్సువాడ దెబ్బకు ఆద్యుడు ముత్తెన్న" అని ఉంది.

ముత్తెన్న ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. సిరా ఇంకా కొత్త వాసన వేస్తోంది. తన పేరు అచ్చులో చూడడం అతనికి ఓటరు లిస్టులో తప్ప ఇదే మొదటిసారి.

"ఇది తప్పు" అన్నాడు.

"స్పెల్లింగా కాకా?" నరేష్ కంగారుగా వంగాడు.

"కాదు. దెబ్బ నాది గాదు. తాండల జమునాబాయిది. పందులను వెళ్లగొట్టనీకె తలె కొట్టిందట. ఆగుడు గూడ ఆమెదే."

నరేష్ నవ్వాడు. ముత్తెన్న నవ్వకపోవడం చూసి ఆపాడు. అతను చెడ్డవాడు కాదు. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

"సూడు కాకా. ఎవరో ఒకరు యాడనో ఒక కాడ తలె కొట్టే ఉంటరు. దాన్ని టేపు మీదికి తెచ్చింది ఎవరు? నువ్వు. టేపు లేకుంటె అది చేన్లనే పోతుండె. కాదా?"

ముత్తెన్న ఆలోచించాడు. ఆ మాటలో తప్పు కనిపించలేదు. అయితే ఇదే మాట పదకొండేళ్ల కింద హరనాథబాబు అన్నాడు. టేపు నీదే ముత్తెన్నా, ఊర్లకు పంపింది ఎవరు, అన్నాడు. అప్పుడూ తప్పు కనిపించలేదు. బయటికొచ్చి సైకిల్ స్టాండు తన్ని ఇంటికి పోయాడు.

"ఆమె పేరు ఎయ్యి" అన్నాడు.

"అయిదువందల కవర్లు అచ్చయినయి కాకా. రేపే ప్రోగ్రాం." నరేష్ కాసేపు తల పట్టుకున్నాడు. "ఒక పని చేద్దం. స్టేజీ మీద నువ్వే చెప్పు. అవ్వను పైకి పిలుద్దం. శాలువా ఇంకోటి తెప్పిస్త. సరేనా?"

సరేనన్నాడు ముత్తెన్న. నరేష్ వెళ్లాక కవరు ఒకటి బల్ల మీద మిగిలింది. దాన్ని తిప్పి పెట్టి, విప్పిన మరలు దాని మీద పోసుకున్నాడు.

*

ఆదివారం పదకొండున్నరకు హాలు నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల డీజే కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు, బీర్కూర్ నుంచి నరేష్ చుట్టాలు. స్టేజీకి అటొకటి ఇటొకటి కొత్త పెట్టెలు మనిషి ఎత్తున నిలబెట్టారు. ముత్తెన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన సాయవ్వ. వాళ్ల వెనక వరసలో జేత్యా తెల్లటి రుమాలు చుట్టుకుని, జమునాబాయి అద్దాల రవికె మీద కొత్త చీర కొంగు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పేరు పిలిచారు. శాలువా కప్పారు. ముత్తెన్న మైకు అందుకుని, అలవాటుగా ముందు దాని వైరు కుదురుగా ఉందో లేదో చూశాడు.

"దెబ్బ నాది గాదు" అన్నాడు. "జమునాబాయిది. మక్క చేన్ల పందులను వెళ్లగొట్టుడుకు కొట్టింది. జేత్యా నగారా మీద కొట్టిండు. నేను టేపు అతికిచ్చిన. అంతే."

హాలంతా ఘొల్లున నవ్వింది. జోకు అనుకున్నారు. వెనక నుంచి ఎవడో పందిలాగ అరిచాడు. నరేష్ మైకు అందుకుని, "నిజం, నిజం! అవ్వను పైకి పిలుద్దం" అన్నాడు. జమునాబాయి కదల్లేదు. సాయవ్వ లేచి వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లదాకా తీసుకొచ్చింది.

వంటశాల నుంచి స్టీలు పళ్లెం, గంటె తెచ్చి ఆమె చేతికిచ్చారు. ఆమె పళ్లెం బరువు చూసి, అంచు కడుపుకు ఆనించుకుని కొట్టింది. నాలుగు. మూడు. ఆగి, తల కొంచెం పక్కకు వంచింది. మళ్లీ నాలుగు. మూడు. పలచని చప్పుడు. హాల్లో సగం వరసల దాకా కూడా చేరలేదు. జనం మర్యాదగా కాసేపు చూశారు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి.

"బీటు పెట్టన్నా!" అని అరిచాడొకడు.

నరేష్ ఆమెకు సాయం చేద్దామనే మిక్సర్ మీద మీట మెల్లగా పైకి తోశాడు. పెట్టెల్లోంచి దెబ్బ లేచింది. కుర్చీలు అదిరాయి. ముందు వరసల వాళ్లు ఒక్క ఊపున లేచి ఎగరడం మొదలుపెట్టారు. జమునాబాయి కొడుతూనే ఉంది. ఆమె గంటె పళ్లేన్ని తాకడం కనిపిస్తోంది, ఒక్క చప్పుడూ వినిపించడం లేదు.

ముత్తెన్న మిక్సర్ దగ్గరికి నడిచాడు. నరేష్ పక్కనుంచి చెయ్యి పెట్టి మీట కిందికి లాగేశాడు.

హాలు ఖంగు తిన్నది. ఎగిరిన కాళ్లు నేలకు దిగాయి. ఆ నిశ్శబ్దంలో గంటె చప్పుడు ఒక్కటే రెండు చుట్లు వినబడింది. ఎవరూ కదల్లేదు. "కరెంటు పోయిందా?" అని ఒక గొంతు. రెండు మూడు చప్పట్లు పడి ఆగిపోయాయి.

జమునాబాయి అందరినీ ఒకసారి చూసింది. కొట్టడం ఆపి, పళ్లేన్ని కొంగుతో తుడిచి, తెచ్చిన మనిషికే తిరిగి ఇచ్చింది.

"పెట్టు బిడ్డా" అన్నది నరేష్‌తో. "ఎగరనియ్యి పిల్లలను."

ముత్తెన్న మీట మీంచి చెయ్యి తీశాడు.

భోజనాలయ్యాక ముత్తెన్న జేత్యా దంపతులను బస్టాండుకు తీసుకుపోయాడు. ఆమె శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుంది. జేత్యా బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. సిమెంటు బల్ల మీద ముత్తెన్న, ఆమె మిగిలారు. ఫంక్షన్ హాలు వైపు నుంచి చప్పుడు ఇంకా వస్తోంది.

"నవ్విన్రు. మనసుల పెట్టుకోకు" అన్నాడు ముత్తెన్న.

"నవ్వితే ఏమాయె. పందుల ముచ్చటే గదా." ఆమె కూడా కొంచెం నవ్వింది. తర్వాత అన్నది, "ఆ దినం గూడ నేను అచ్చిన గదన్నా."

"ఏ దినం?"

"నువ్వు టేపు చేసిన దినం. ఈయనతోని నేను గూడ అచ్చిన. లోపలికి వస్తుంటె నువ్వే వద్దన్నవు. గాజుల సప్పుడు మైకుల పడతదని మెట్ల మీద కూసోబెట్టినవ్. పొద్దుగూకె దాంక ఆడనే కూసున్న." మోచేతి పైదాకా ఉన్న తెల్లటి గాజులను ఒకసారి పైకి జరుపుకుంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. "లోపల్నుంచి ఇనవడుతుంటె నా సప్పుడే అనుకున్న. నువ్వు బయటికచ్చినంక చెప్దామనుకున్న గని, నువ్వు అలసిపొయి ఉంటివి."

బస్సు వచ్చింది. జేత్యా లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి ఆమెను ఎక్కించాడు. "పోయొస్తమన్నా" అని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బస్సు వెనక్కి మళ్లి, ఆటోల మధ్య దారి చేసుకుని రోడ్డెక్కింది.

ముత్తెన్న బల్ల మీదే కూర్చుండిపోయాడు. ఆ రోజును మొదటి నుంచి తలచుకోవడం మొదలుపెట్టాడు. చప్పుడు బయటికి పోకుండా తలుపుకు కట్టిన బొంత రంగు గుర్తుంది. మైకు కింద పెట్టిన ఇటుకలు ఎన్నో గుర్తుంది. సెల్లో టేపు కొస దొరక్క గోరుతో ఎంతసేపు గీకాడో, జేత్యా ఏ రుమాలు చుట్టుకుని వచ్చాడో, మధ్యలో కరెంటు ఎన్నిసార్లు పోయిందో అన్నీ గుర్తున్నాయి. ఆ తలపులోనే గది దాటి బయటికి వచ్చాడు. మెట్లు కూడా గుర్తున్నాయి, మూడు, నడిమిది పగిలింది.

ఆ మెట్ల మీద కూర్చున్న మనిషి మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.